ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటారు? ఇంటర్వ్యూలో కెరీర్ లక్ష్యాల ప్రశ్న: తరచుగా అడిగే ప్రశ్నలు

క్యాంపస్ డ్రైవ్‌లకు, వాకిన్‌లకు వెళ్లే పిల్లలూ, ఉద్యోగం మారాలనుకునే అనుభవజ్ఞులూ నన్ను ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాను. ఇంటర్వ్యూ టేబుల్‌కి అటువైపు కూర్చునే అలవాటుతో రాస్తున్నాను కాబట్టి కొన్ని జవాబులు కాస్త కటువుగా అనిపించొచ్చు.

ఐదేళ్ల తర్వాత నేనెక్కడుంటే వాళ్లకెందుకు?

మీ జాతకం చూడటానికి అడగరు. ఎదురుగా కూర్చున్న మనిషికి రెండు అనుమానాలుంటాయి. ట్రైనింగ్ ఇచ్చి, ప్రాజెక్టులో పెట్టి, పని చేతికొచ్చే సమయానికి ఈ మనిషి వెళ్లిపోతాడా అన్నది మొదటిది. ఈ ఉద్యోగంలో రోజూ ఏం చేయాలో తెలిసే వచ్చాడా అన్నది రెండోది.

అందరూ మొదటి అనుమానం గురించే కంగారుపడి "మీ కంపెనీలోనే ఉంటాను సర్" అని మాటిస్తారు. ఆ మాట ఆ రోజు పొద్దున్నుంచి పదిమంది ఇచ్చి ఉంటారు, దానికి విలువ లేదు. రెండో అనుమానం తీరిస్తే మొదటిది సగం తగ్గిపోతుంది. ఉద్యోగం గురించి తెలుసుకుని వచ్చినవాడు, ఆ దారిలో తర్వాత వచ్చే పని ఏమిటో చెప్పగలిగినవాడు నాలుగు నెలలకే వదిలేసి పోడని ఒక లెక్క. అందుకే కింద ఏ ప్రశ్నకు జవాబు రాసినా నేను చెప్పేది ఒకటే: హోదా పేరు పక్కన పెట్టి, మీరు చేయాలనుకుంటున్న పని చెప్పండి.

ఈ ప్రశ్న ఏయే రూపాల్లో వస్తుంది?

"వేర్ డూ యూ సీ యువర్‌సెల్ఫ్ ఇన్ ఫైవ్ ఇయర్స్" అని పుస్తకంలో ఉన్నట్టే వస్తుందని చూస్తూ కూర్చోకండి. "మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌కి ఎందుకొచ్చావు?", "హయ్యర్ స్టడీస్ ప్లాన్ ఏమైనా ఉందా?", "మీ డ్రీమ్ జాబ్ ఏంటి?", "మా దగ్గర ఎన్నాళ్లుంటారు?" ఇవన్నీ దాని అన్నదమ్ములే. డ్రీమ్ జాబ్ దగ్గర చాలామంది వేరే కంపెనీ పేరో, వేరే రంగం పేరో చెప్పేసి బయటికొచ్చాక నాలిక్కరుచుకుంటారు.

షార్ట్ టర్మ్ అంటే ఏడాది, రెండేళ్లు అనుకోండి. లాంగ్ టర్మ్ అంటే నాలుగైదేళ్లు. పదేళ్ల సంగతి అడిగితే ఎటువైపు వెళ్లాలనుకుంటున్నారో చెబితే చాలు.

నేను ఫ్రెషర్‌ని. ఐదేళ్ల తర్వాత సంగతి నిజంగా నాకే తెలీదు. ఏం చెప్పాలి?

తెలియకపోవడం సహజమే. తెలుసుకునే ప్రయత్నం చేయకపోవడమే ఇబ్బంది. ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు ఒక పని చేయండి. లింక్డిన్‌లో మీ కాలేజీ పేరూ, ఆ కంపెనీ పేరూ పెట్టి వెతికితే నాలుగైదేళ్ల క్రితం మీలాగే చేరిన సీనియర్లు కనిపిస్తారు. వాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో చూడండి. ఒకరిద్దరికి మెసేజ్ పెట్టండి: "అన్నా, మొదటి ఏడాది ఏం పని ఇచ్చారు? ఇప్పుడేం చేస్తున్నారు?" పదిమందికి పెడితే ఇద్దరైనా జవాబిస్తారు. అక్కడి నుంచి వచ్చిన సమాచారం గూగుల్‌లో దొరికే రెడీమేడ్ జవాబుల కంటే ఎంతో నయం.

ఆ సమాచారాన్ని మూడు ముక్కలుగా పెట్టుకోండి: మొదటి ఏడాదిలో ఏది సొంతంగా చేయగలగాలి, ఆ తర్వాత ఏ వైపు లోతుకు వెళ్లాలి, ఐదో ఏడాదికి ఎంత బాధ్యత తీసుకోవాలి. ఒక సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్ జవాబు ఇలా ఉండొచ్చు:

"మొదటి ఏడాదిలో నాకిచ్చిన మాడ్యూల్‌ని ఎవరూ పక్కన కూర్చోకుండా పూర్తి చేయగలగాలి సర్. కాలేజీ ప్రాజెక్టులో డేటాబేస్ భాగం నేనే చేశాను. ఒక క్వెరీ ఎందుకు నెమ్మదిగా నడుస్తోందో వెతకడం నాకు బాగా నచ్చింది, అందుకే బ్యాకెండ్ వైపు వెళ్లాలని ఉంది. నాలుగైదేళ్లకు ఒక చిన్న అప్లికేషన్‌కి డిజైన్ నుంచి ప్రొడక్షన్ దాకా బాధ్యత తీసుకునేంత రావాలి. మొదట ఏ ప్రాజెక్టు ఇచ్చినా చేస్తాను."

ఆ చివరి వాక్యం ఊరికే పెట్టలేదు. సర్వీస్ కంపెనీల్లో జావా నేర్పించి టెస్టింగ్‌లోనో, సపోర్ట్‌లోనో వేయడం మామూలే. ఎక్కడ మనుషులు కావాలో అక్కడ వేస్తారు. "జావా తప్ప చేయను" అనే ఫ్రెషర్‌ని తీసుకోవడానికి ప్యానెల్ వెనకాడుతుంది.

ఇంకో జాగ్రత్త. ఇలా చెప్పగానే తర్వాతి ప్రశ్న "ఏ క్వెరీ? ఎందుకు నెమ్మదిగా నడిచింది?" అని వస్తుంది. టేబుల్‌లో ఇండెక్స్ లేక, ప్రతిసారీ మొత్తం వరసలన్నీ వెతుక్కుంటూ పోయిందనో, అవసరం లేని జాయిన్ పెట్టారనో మీకు తెలిసి ఉండాలి. ప్రాజెక్టు కొనుక్కున్నవాళ్లు ఈ జవాబు జోలికి పోకండి.

ఐదేళ్లలో మేనేజర్ అవుతానంటే తప్పా?

తప్పని కాదు, చాలాచోట్ల లెక్క కుదరదు. టీసీఎస్‌లో అసిస్టెంట్ సిస్టమ్ ఇంజినీర్‌గా చేరినవాళ్లు సిస్టమ్ ఇంజినీర్, ఐటీ అనలిస్ట్, అసిస్టెంట్ కన్సల్టెంట్ అంటూ పైకి వెళ్తారు. ఇన్ఫోసిస్‌లో సిస్టమ్స్ ఇంజినీర్, సీనియర్ సిస్టమ్స్ ఇంజినీర్, టెక్నాలజీ అనలిస్ట్, టెక్నాలజీ లీడ్ అని వరస. ఐదేళ్లలో ఎవరెక్కడికి చేరతారో ఆ వరస తెలిసినవాళ్లకు తెలుసు. ఫ్రెషర్ వచ్చి "ఐదేళ్లలో ప్రాజెక్ట్ మేనేజర్" అంటే, కంపెనీ గురించి ఏమీ చూడకుండా వచ్చాడని అర్థమైపోతుంది.

పైగా అందరూ మేనేజర్లే కావాలని రూలేమీ లేదు. చాలా కంపెనీల్లో రెండు దారులుంటాయి: మనుషుల్ని నడిపించేది ఒకటి, టెక్నికల్‌గా లోతుకు వెళ్లి ఆర్కిటెక్ట్ దాకా చేరేది ఇంకొకటి. మనవాళ్లలో "ఎప్పటికీ కోడింగేనా, మేనేజర్ అవ్వవా?" అని ఇంట్లో అడిగే ప్రశ్న ఒకటుంది. ఆ ప్రశ్నకు ఇంట్లో ఇచ్చే జవాబుని ఇంటర్వ్యూలో ఇవ్వకండి.

ఇప్పటికే నాలుగైదేళ్ల అనుభవం ఉండి, నిజంగానే టీమ్‌ని నడపాలని ఉంటే ధైర్యంగా చెప్పండి. కాకపోతే పక్కనే రుజువు పెట్టండి. కొత్తగా చేరిన ఇద్దరికి పని నేర్పించారా? రిలీజ్ రోజు రాత్రి ఎవరు ఏ డ్యూటీ చూడాలో మీరు వేశారా? లీడ్ సెలవులో ఉన్న వారం రోజులు క్లయింట్ కాల్‌లో మీరు మాట్లాడారా? వీటిలో ఒక్కటి వివరంగా చెప్పినా "నాకు లీడర్‌షిప్ క్వాలిటీస్ ఉన్నాయి" అన్న మాట అవసరం ఉండదు.

"మీ సీట్లో ఉంటాను సర్" అనొచ్చా?

వద్దు. అవతలివాళ్లు నవ్వినా లోపల నవ్వరు.

ఎంఎస్‌కి అమెరికా వెళ్లాలనుంది. చెప్పేయాలా?

ఎంత దూరం వచ్చిందన్నదాన్ని బట్టి. ఐ-20 (అమెరికా యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) చేతికొచ్చి, వీసా స్లాట్ కోసం చూస్తున్నారంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి వదిలేయడం మంచిది. నాలుగు నెలల జీతం కోసం చేరి మాయమైతే మీ కాలేజీకి ఆ కంపెనీ మళ్లీ రాకపోవచ్చు, ఆ దెబ్బ మీ జూనియర్ల మీద పడుతుంది. "ఎప్పుడైనా చదవాలి" అన్న ఆలోచన మాత్రమే ఉంటే "ఇప్పట్లో లేదు, మొదట పని నేర్చుకోవాలి" అనడంలో అబద్ధం లేదు.

ఒక చిన్న విషయం: రెజ్యూమేలో జీఆర్ఈ స్కోరు రాసుకుని వచ్చి "హయ్యర్ స్టడీస్ ప్లాన్ లేదు సర్" అంటే ఎవరు నమ్ముతారు? అలా వచ్చేవాళ్లు నిజంగానే ఉంటారు.

ఉద్యోగం చేస్తూ చదవాలన్నది వేరే సంగతి, దాన్ని దాచక్కర్లేదు. ఉద్యోగులకోసమే బిట్స్ పిలానీ వర్క్ ఇంటిగ్రేటెడ్ కోర్సులు నడుపుతోంది. విప్రో అయితే బీసీఏ, బీఎస్సీ పిల్లల్ని తీసుకుని ఉద్యోగంతోపాటు ఎంటెక్ చదివించే కార్యక్రమమే పెట్టింది. అలాంటి చోట పై చదువు ఆసక్తి మీకు ప్లస్సే అవుతుంది.

రెండేళ్లు గ్రూప్స్‌కి చదివాను. ఇప్పుడు ప్రైవేట్ ఉద్యోగానికి వెళ్తే మొదటి ప్రశ్న అదే. ఎలా చెప్పాలి?

అశోక్‌నగర్, చిక్కడపల్లి లైబ్రరీ చుట్టూ గడిచిన ఏళ్లని ఏదో నేరంలా దాచేవాళ్లని చూస్తే బాధగా ఉంటుంది. ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లకు మీరు ఎందుకు చదివారన్నది ముఖ్యం కాదు. మళ్లీ నోటిఫికేషన్ పడగానే లీవు పెట్టి వెళ్లిపోతారా అన్నదే వాళ్ల టెన్షన్.

నిజంగా ఆపేసి ఉంటే ఆపేశానని తేదీతో సహా చెప్పండి: "రెండుసార్లు మెయిన్స్ రాశాను, రాలేదు. మార్చిలో ఆపేశాను. అప్పటినుంచి ఎక్సెల్, పవర్ బీఐ నేర్చుకుంటున్నాను." ఆపానన్న మాటకు ఆ తర్వాత చేసిన పనే సాక్ష్యం. దాని మీదే లక్ష్యం నిలబెట్టండి: "బడ్జెట్ లెక్కలు, సర్వే గణాంకాలు రెండేళ్లు చదివాను. ఎంఐఎస్ రిపోర్టులతో (మేనేజర్లకు ఇచ్చే లెక్కల నివేదికలు) మొదలుపెట్టి నాలుగైదేళ్లకు అనలిస్ట్‌గా ఎదగాలనుకుంటున్నాను."

ఇంకా రాస్తూనే ఉన్నారా? మీ అంతట మీరు ఎత్తక్కర్లేదు. సూటిగా అడిగితే మాత్రం సూటిగానే చెప్పండి. "ఇంకొక్కసారి రాస్తాను. దానికోసం పని పాడుచేయను" అని చెప్పిన వాళ్లని తీసుకున్న చోట్లూ ఉన్నాయి, పంపించేసిన చోట్లూ ఉన్నాయి. అబద్ధం చెప్పి చేరాక హాల్‌టికెట్ రోజున అమ్మమ్మకు బాగాలేదని చెప్పడం కన్నా ఇది నయం.

సర్వీస్ అగ్రిమెంట్ (బాండ్) ఉందన్నారు. "రెండేళ్లు ఉంటారా?" అని అడిగారు. "ఉంటాను" అంటే ఇరుక్కుపోతానా?

నోటిమాటతో ఇరుక్కోరు, సంతకంతో ఇరుక్కుంటారు. ఇది లీగల్ విషయం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఉద్యోగం మానేశాక వేరే కంపెనీలో చేరకూడదని కట్టడి చేసే షరతులు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద చెల్లవు. కానీ ఫలానా కాలం పనిచేయాలి, లేకపోతే ఇంత కట్టాలి అన్న షరతు వేరు. విజయా బ్యాంక్ కేసులో మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షల రూపాయలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 మే నెలలో తీర్పిచ్చింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, నియామకాలకు చాలా ఖర్చూ సమయమూ పడతాయన్న కారణం కూడా కోర్టు చూసింది. కాబట్టి "బాండ్లేవీ కోర్టులో నిలబడవు" అని స్నేహితులు చెప్పే మాట మీద ఆధారపడకండి.

ఇంటర్వ్యూలో ఏమనాలి? "ఎంతకాలమో, ఎంత కట్టాలో చదివి సంతకం చేస్తాను సర్. ఈ పని రెండేళ్లు చేయకుండా నాకు కూడా చేతికి రాదు" అంటే సరిపోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టాలి అంటే మాత్రం అక్కడే ఆగండి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్స్ వదలకండి.

"పెళ్లెప్పుడు? పెళ్లయ్యాక ఉద్యోగం చేస్తావా?" అని అడిగారు. ఏం చెప్పాలి?

అడగకూడని ప్రశ్న. నియామకాల్లో ఆడా మగా తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతనాల చట్టంలోనే ఉండేది, 2025 నవంబర్‌లో దాని బదులు అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. అయినా అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు, అబ్బాయిల్ని అడిగినట్టు నేను వినలేదు. పెద్ద కంపెనీల్లో ఇది కాస్త తగ్గింది. చిన్నచోట్ల, స్కూళ్లలో, ఆస్పత్రుల్లో ఇప్పటికీ పెళ్లి కార్డు అడిగినట్టే అడుగుతారు.

మీ ఇంటి వివరాలు చెప్పాల్సిన పని లేదు. "ఉద్యోగం మానే ఆలోచన నాకు లేదు మేడం. మూడేళ్లలో ఈ డిపార్ట్‌మెంట్‌లో ఫలానా పని చూసుకునే స్థాయికి రావాలని ఉంది" అని ప్రశ్నను మళ్లీ పని దగ్గరికి తీసుకురండి. గొంతు పెంచక్కర్లేదు, నవ్వుతూ తలవంచుకోనూ అక్కర్లేదు. మళ్లీ మళ్లీ అదే అడిగితే ఆ చోటు ఎలాంటిదో మీకు ఇంటర్వ్యూలోనే తెలిసిపోయినట్టు. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టప్రకారం ఉంది. సెలవు భయంతోనే ఆ ప్రశ్న అడిగే చోట ఆ సెలవు అంత తేలిగ్గా ఇస్తారా అన్నది ఆలోచించుకోండి.

బ్యాంక్ పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎలా ఉంటుంది?

ప్రభుత్వ బ్యాంకులకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ పీవో నియామకంలో మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 చొప్పున వెయిటేజీ. మెయిన్స్‌లో ఎక్కువమంది దగ్గరదగ్గరగా ఉంటారు కాబట్టి ఆ 20 చిన్నదేమీ కాదు. ఇక్కడ ఎక్కువగా వచ్చేది "ఇంజినీరింగ్ చదివి బ్యాంకుకి ఎందుకు?" అన్న ప్రశ్న. "జాబ్ సెక్యూరిటీ" అని నిజం చెప్పేస్తే సంభాషణ అక్కడితో చచ్చిపోతుంది.

బ్యాంకుకి ఒక సుఖం ఉంది: నిచ్చెన బయటికే కనిపిస్తుంది. స్కేల్-1లో చేరతారు, పైకి స్కేల్-7 జనరల్ మేనేజర్ దాకా మెట్లున్నాయి. రెండేళ్ల ప్రొబేషన్, జేఏఐఐబీ, సీఏఐఐబీ అనే బ్యాంకు ఉద్యోగుల పరీక్షలు, పల్లెటూరి బ్రాంచ్‌లో పోస్టింగ్, ప్రమోషన్‌తో వచ్చే ట్రాన్స్‌ఫర్లు ఇవన్నీ ఆ దారిలోవే. కాబట్టి జవాబు వాటితోనే అల్లండి: "ప్రొబేషన్‌లోనే జేఏఐఐబీ పూర్తి చేయాలనుకుంటున్నాను. మా నాన్నగారి పంట రుణం రెన్యువల్ కోసం బ్రాంచ్ చుట్టూ తిరిగినప్పుడు కౌంటర్‌కి ఇటువైపు ఇబ్బంది చూశాను. క్రెడిట్ వైపు, ముఖ్యంగా వ్యవసాయ రుణాల్లో, అనుభవం తెచ్చుకుని ఐదేళ్లకు ఒక చిన్న బ్రాంచ్ చూసుకోగలగాలి."

ఇలా అన్నాక కిసాన్ క్రెడిట్ కార్డు మీద నాలుగు ప్రశ్నలు పడతాయి. సిద్ధంగా ఉండండి. "ట్రాన్స్‌ఫర్ వేరే రాష్ట్రానికి వేస్తే?" అన్నది కూడా తప్పకుండా వస్తుంది. "ఇంట్లో అడిగి చెప్తాను" అనకండి.

ఫార్మా కంపెనీలో క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) ఉద్యోగానికి వెళ్తున్నాను. అక్కడ ఐదేళ్ల లక్ష్యం అంటే ఏం చెప్తారు?

జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల, పరవాడ చుట్టుపక్కల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ పిల్లలకు ఎక్కువగా దొరికే ఉద్యోగం ఇది. అందుకే ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. మాక్ ఇంటర్వ్యూలో ఒక ఎమ్మెస్సీ అమ్మాయి మొదట చెప్పిన జవాబు ఇది: "ఐ వాంట్ టు గ్రో విత్ ద కంపెనీ అండ్ బికమ్ క్యూసీ హెడ్." పుస్తకంలోంచి ఊడిపడ్డట్టుంది. ఆ అమ్మాయిని ల్యాబ్‌లో ఏం చేశావమ్మా అని అడిగితే హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను వేరుచేసి కొలిచే పరికరం) మీద ప్రాజెక్టు చేశానంది. బేస్‌లైన్ కుదరక మొబైల్ ఫేజ్‌ని (అందులోంచి పోయే ద్రావకాన్ని) మళ్లీ డీగ్యాస్ చేసి, కాలమ్ స్థిరపడేదాకా కూర్చున్న సంగతి చక్కగా చెప్పింది. జవాబు అక్కడే ఉంది. రెండోసారి ఇలా వచ్చింది:

"మొదటి ఏడాది హెచ్‌పీఎల్‌సీ, డిసొల్యూషన్ టెస్టులు ఎస్‌వోపీ (రాసిపెట్టిన పని పద్ధతి) ప్రకారం ఒక్కదాన్నే చేయగలగాలి సర్. తర్వాత రిజల్ట్ ఓవోఎస్ (నిర్ణయించిన పరిమితికి బయట) వస్తే కారణం వెతికే ఇన్వెస్టిగేషన్ నేర్చుకోవాలి. ఆపైన మెథడ్ వ్యాలిడేషన్ వైపు వెళ్లాలని ఉంది. ఐదేళ్లకు యూఎస్‌ఎఫ్‌డీఏ ఆడిట్ వస్తే, నా డేటా గురించి అడిగినప్పుడు వెనక్కి తిరిగి ఎవరివైపూ చూడకుండా జవాబు చెప్పగలగాలి."

ఆ చివరి వాక్యం ఫార్మావాళ్లకు గట్టిగా తగులుతుంది. డేటా తారుమారు వల్ల అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్‌ఎఫ్‌డీఏ నుంచి వార్నింగ్ లెటర్లు వచ్చిన రంగం అది. రాసిన రీడింగ్‌కి తానే బాధ్యత వహిస్తానన్న మనిషి వాళ్లకు కావాలి. అమ్మాయి ఆశయం పెద్దదా చిన్నదా అన్నది అక్కడ ఎవరూ చూడరు.

పెనుకొండ, శ్రీసిటీ లాంటి చోట్ల ఫ్యాక్టరీలకు డిప్లొమా ట్రైనీలుగా వెళ్లేవాళ్లకీ ఇదే పద్ధతి. "ప్రొడక్షన్ హెడ్" అనే బదులు, మొదట లైన్‌లో ఒక స్టేషన్ పూర్తిగా తెలియాలి, తర్వాత మెషిన్ ఆగిపోతే మెయింటెనెన్స్ వచ్చేలోపు కారణం పట్టుకోగలగాలి, ఐదేళ్లకు షిఫ్ట్ చూసుకోవాలి అని చెప్పండి.

నాలుగేళ్లలో మూడు కంపెనీలు మారాను. ఏం చెప్పినా నమ్మేలా లేరు.

నమ్మరు, నిజమే. కాబట్టి లక్ష్యం చెప్పేముందు మార్పులకు లెక్క చెప్పాలి. ఒక్కో మార్పుకి ఒక్కో వాక్యం: ప్రాజెక్ట్ అయిపోయింది, కంపెనీ మూసేశారు, సపోర్ట్ నుంచి డెవలప్‌మెంట్‌కి మారాలనుకున్నాను. జీతం కోసం మారితే "ఆ మార్పు జీతం కోసమే" అని ఒకచోట ఒప్పుకోండి, మిగతావాటికి విలువ పెరుగుతుంది. పాత మేనేజర్‌ని తిట్టకండి. ఆ తర్వాత, ఈ మూడు చోట్లా నేర్చుకున్నది కలిసి ఈ ఉద్యోగానికి ఎలా పనికొస్తుందో చెప్పి, ఇక్కడ మాత్రమే దొరికే పని ఏమిటో చెప్పండి. అది దొరకకపోతే, నాలుగో మార్పు కూడా అవసరమా అని మీరే ఒకసారి ఆలోచించుకోవాలి.

గ్రాట్యుటీకి (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) ఐదేళ్లు నిండాలన్న షరతు వల్ల నాలుగున్నరేళ్ల దగ్గర కంపెనీ మారకుండా ఆగిపోయేవాళ్లని కూడా చూస్తుంటాం. అది మంచి లక్ష్యమే కానీ ఇంటర్వ్యూలో చెప్పేది కాదు.

అమీర్‌పేటలో కోర్సు చేసి ఐటీకి వస్తున్నాను. పాత రంగం గురించి ఎలా చెప్పాలి?

పాతదాన్ని పారేయకండి. సివిల్ చేసి సైట్‌లో రెండేళ్లున్నవాడికి బిల్లులు, కొలతలు, కాంట్రాక్టర్ల లెక్కలు తెలుసు. నిర్మాణ కంపెనీలకు ఎస్‌ఏపీ (కంపెనీ లెక్కలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) చేసే టీమ్‌కి ఆ మనిషి విలువే వేరు. "ఆ రంగంలో స్కోప్ లేదు" అనే మాటతో మొదలుపెట్టినవాళ్లు ఆ విలువంతా తామే తీసి పక్కన పెట్టేస్తున్నారు.

ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ గురించి ఒక్క మాట. మూడేళ్లు పనిచేశానని రాసుకున్న మనిషి లక్ష్యం అడగ్గానే "మంచి టీమ్‌లో నేర్చుకోవాలి" అని ఫ్రెషర్ జవాబు చెప్తాడు. మూడేళ్లు నిజంగా పనిచేసిన మనిషికి ఏది చేయకూడదో, ఏది విసుగో, ఏది కావాలో తెలిసి ఉంటుంది. దొరికిపోయేది ఇక్కడే. ఇక్కడ దాటినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తారు.

ఏఐ వచ్చింది, ఐదేళ్లకు ఈ ఉద్యోగమే ఉండకపోవచ్చు కదా?

ఆ మాట ప్యానెల్‌కీ తెలుసు. అందుకే టూల్ పేరు మీద లక్ష్యం కట్టకండి. "ఫలానా ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌పర్ట్" అన్న లక్ష్యం ఏఐ లేని రోజుల్లోనే ఐదేళ్లు నిలబడేది కాదు. సమస్య పేరు మీద కట్టండి: పేమెంట్లు ఫెయిలవడం, ఆస్పత్రి రికార్డులు, గోడౌన్ స్టాకు. టూల్ మారినా సమస్య ఉంటుంది. కోడ్ రాయడానికి ఏఐ వాడుతున్నారా అని అడిగితే వాడుతున్నానని చెప్పి, అది ఎక్కడ తప్పు రాసిందో, మీరెలా పట్టుకున్నారో ఒక ఉదాహరణ చెప్పండి.

ఎప్పటికైనా సొంత బిజినెస్ పెట్టాలని ఉంది.

స్టార్టప్‌లో అయితే చెప్పొచ్చు, కొందరు ఫౌండర్లు ఇష్టపడతారు. మిగతాచోట్ల వద్దు.

మంచి జీతం సంపాదించడమే నా లక్ష్యం. అది చెప్పకూడదా?

ఇంటి లోను, చెల్లి పెళ్లి, నాన్న అప్పు ఇవన్నీ నిజమైన లక్ష్యాలే, ఎవరూ కాదనరు. కానీ వాటికి ఈ ఉద్యోగమే కావాలని లేదు, జీతం ఇచ్చే ఏ ఉద్యోగమైనా చాలు. జీతం సంగతి హెచ్‌ఆర్ రౌండ్‌లో అడిగినప్పుడు గట్టిగా మాట్లాడండి.

తెలుగు మీడియం. ఇంత జవాబు ఇంగ్లిష్‌లో చెప్పలేను.

మొదట తెలుగులోనే ఆలోచించి నాలుగు వాక్యాలు రాసుకోండి. తర్వాత వాటిని మీకు నోరు తిరిగే చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో పెట్టుకోండి. మొదటి ఏడాది ఏం నేర్చుకుంటారో ఒక వాక్యం, తర్వాత ఏం చేస్తారో ఒక వాక్యం, ఎందుకో ఒక వాక్యం. బట్టీ పట్టిన బరువైన ఇంగ్లిష్ మధ్యలో ఒక్క మాట మర్చిపోతే మొత్తం ఆగిపోతుంది, చిన్న వాక్యాలతో ఆ గొడవ ఉండదు. హైదరాబాద్, విజయవాడ ప్యానెల్‌లలో చాలామంది తెలుగువాళ్లే. మాట అందకపోతే "కెన్ ఐ ఎక్స్‌ప్లెయిన్ దిస్ ఇన్ తెలుగు, సర్?" అని అడగండి. క్లయింట్‌తో మాట్లాడాల్సిన ఉద్యోగాలకు తప్ప చాలాచోట్ల ఒప్పుకుంటారు.

ఎంతసేపు చెప్పాలని కూడా అడుగుతుంటారు. ఒక నిమిషం చాలు. అవతలి మనిషి మీ రెజ్యూమే మీదికి చూపు తిప్పారంటే ఆపేయాల్సిన సమయం దాటిపోయింది.

వీసా ఇంటర్వ్యూలో కూడా "చదువయ్యాక ఏం చేస్తారు?" అని అడుగుతారు. అదే జవాబు చెప్పొచ్చా?

వద్దు, అక్కడ లెక్క వేరు. నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో ఎఫ్-1 వీసా అధికారి చూసేది మీరు చదువు కోసం వెళ్తున్నారా, అక్కడే స్థిరపడటానికా అన్నది. అమెరికా ఇమిగ్రేషన్ చట్టం 214(బి) సెక్షన్ కింద తిరస్కరణలు వచ్చేది ఈ అనుమానం తీరనప్పుడే. ఓపీటీ అనేది చదువయ్యాక 12 నెలలు పనిచేసే చట్టబద్ధమైన అవకాశం, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. కానీ దాన్నే వెళ్లడానికి కారణంగా చెబితే చిక్కు వస్తుంది. ఆ కోర్సు ఎందుకు, ఆ యూనివర్సిటీ ఎందుకు, ఆ చదువుతో తిరిగొచ్చి ఇక్కడ ఏ పని చేయగలరు అన్నవి మీకు నిజంగా తెలిసి ఉండాలి. సమయం రెండు మూడు నిమిషాలే. కన్సల్టెన్సీవాళ్లు అందరికీ ఇచ్చే ఒకే జవాబుని ఆ కిటికీ దగ్గర పొద్దున్నుంచి వినీ వినీ వాళ్లకు కంఠతా వచ్చి ఉంటుంది.

చివర్లో "ఎనీ క్వశ్చన్స్?" అంటారు. లక్ష్యాల గురించి నేనేమైనా అడగొచ్చా?

తప్పకుండా అడగండి. చాలామంది "నో సర్, థాంక్యూ సర్" అని లేచిపోతారు. నాకైతే ఈ ప్రశ్న అడిగే అభ్యర్థులంటే ఇష్టం: "సర్, ఈ పోస్టులో రెండు మూడేళ్ల క్రితం చేరినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు?" అవతలివాళ్లు పేర్లు చెప్పకపోయినా "ఒకరు రిలీజ్‌లు చూస్తున్నారు, ఒకరు క్లయింట్ దగ్గరికి వెళ్లారు" అని వివరంగా చెబితే అక్కడ దారి ఉన్నట్టే. "అందరూ కొత్తవాళ్లేనండీ, పాతవాళ్లు ఎవరూ లేరు" అని చెబితే దాన్ని బుర్రలో పెట్టుకోండి. ఆఫర్ లెటర్‌లో జీతం అంకె చూసినప్పుడు, బాండ్ కాలం చూసినప్పుడు ఆ జవాబుని కూడా పక్కన పెట్టుకుని సంతకం చేయాలో వద్దో తేల్చుకోండి.